రాతపని కూడా పనే

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గురించి నేను ఏటా చెబుతూనే ఉన్నాను, మీరు ఏటా వింటూనే ఉన్నారు. ఈసారి చదువు అయిపోయిన తర్వాతి సంగతి ఒకటి మనవి చేసుకొంటాను. అది నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది. కాబట్టి ఎవరినీ దెప్పుతున్నానని అనుకోవద్దు. ముందు నన్ను నేనే దెప్పుకొంటున్నాను.

నా దగ్గర ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివిన కుర్రవాడొకడున్నాడు. ఇప్పుడు వయసు ముప్పైకి దగ్గర. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ చక్కగా రాస్తాడు. ఏ ఆఫీసులోనూ ఉద్యోగం లేదు. ఇంట్లో కూర్చొని రాస్తాడు. పత్రికలకు వ్యాసాలు, ప్రచురణకర్తలకు అనువాదాలు, కంపెనీలకు ప్రకటనల మాటలు, ఆసుపత్రులకు కరపత్రాలు, ఎవరు ఏది అడిగితే అది. ఇంగ్లీషులో దీన్నే ఫ్రీలాన్స్ రైటర్ అంటారు. నెల జీతం లేని రచయిత అని మనం చెప్పుకోవచ్చు.

రెండేళ్ల కిందట అతనికొక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి విచారించుకోవడానికి నా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగి, "లడ్కా క్యా కర్తా హై?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "పిల్లవాడు మంచివాడండీ, నమాజీ, ఏ అలవాట్లూ లేవు. ప్రస్తుతానికి ఖాళీగా ఉన్నాడు, ఉద్యోగం వెతుక్కొంటున్నాడు" అన్నాను. మంచి మాటే చెప్పాననుకొన్నాను. ఆయన సలాం చెప్పి వెళ్లిపోయాడు. సంబంధమూ వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు. "సార్, ఆ నెల నా చేతిలో మూడు పుస్తకాల పని ఉంది. రోజూ రాత్రి రెండింటి దాకా మేలుకొని రాస్తున్నాను. నేను ఖాళీగా ఉన్నానని మీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. పదేళ్లు బడిలో కూర్చోబెట్టి వాడికి రాత నేర్పింది మేమే. ఆ రాతతో వాడు బతుకుతుంటే దాన్ని పని అనడానికి నాకే నోరు రాలేదు. అప్పటినుంచి కొన్ని ఆదివారాలు అతని దగ్గర కూర్చొని, రోజు ఎట్లా గడుస్తుందో అడిగి తెలుసుకొన్నాను. ఆ తెలుసుకొన్నదే ఇవాళ చెబుతున్నాను.

మొదటి కష్టం ఇంట్లోనే. "ఇంట్లోనే ఉన్నావు గదా" అన్న మాట. గ్యాసు బండ వచ్చినా, రేషన్ షాపులో నిలబడాలన్నా, మామూను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అతనే. బ్యాంకులో గుమాస్తాగా ఉన్న అన్నను పదకొండు గంటలకు ఎవరూ పిలవరు. ఇతన్ని పిలుస్తారు. ఉన్నవి రెండు గదులు. ఒకదానిలో టీవీ, ఇంకొకదానిలో పిల్లలు. ఇక రాసేదెప్పుడు? ఇషా తర్వాత ఇల్లు సద్దుమణిగాక. పొద్దున ఆలస్యంగా లేస్తే, "చూడండి, ఎనిమిదైనా లేవలేదు" అని మళ్లీ మనమే అంటాం. మన ఆడపిల్లల్లో ఈ పని చేసేవాళ్లున్నారు. వాళ్లకైతే వంట, పిల్లలు, అత్తమామల సేవ అన్నీ ముగిశాక మిగిలిన గంటే రాసే గంట.

రెండో కష్టం డబ్బు. మాటకు రూపాయి చొప్పున వస్తుంది, జాగ్రత్తగా చేస్తే రోజుకు రెండు వేల మాటలు అనువదించగలను అన్నాడు. నేను లెక్కల మాస్టారును కాకపోయినా వెంటనే లెక్క కట్టాను. నెలకు 25 రోజులు, అంటే 50,000 రూపాయలు! "ఇంకేం నాయనా, నా జీతంతో పోటీకి వస్తున్నావు గదా" అన్నాను. అతను నవ్వాడు. నెలలో నిజంగా రాసేది పన్నెండు పదమూడు రోజులే. మిగతా రోజులు పని వెతకడానికి, ప్రూఫులు దిద్దడానికి, ఇచ్చిన పనికి డబ్బు అడగడానికి పోతాయి. అంటే పాతిక వేల పని జరుగుతుంది. అందులో సగం ఆ నెలలో రాదు. కరెంటు బిల్లు, నెట్టు బిల్లు, కంప్యూటరు మరమ్మతు మాత్రం ఆ నెలలోనే వస్తాయి.

ఒక నోటుబుక్కు చూపించాడు. కిరాణా కొట్టువాడి ఖాతా పుస్తకం మాదిరిగానే ఉంది. ఎవరు ఎంత బాకీ, ఎన్నిసార్లు ఫోను చేశాడు, వాళ్లేమన్నారు. "అకౌంటెంటు లీవులో ఉన్నాడు", "మార్చి తర్వాత చూద్దాం", "పుస్తకం అమ్ముడుపోనీ". ఒక ప్రచురణకర్త ఏడు నెలలనుంచీ ఇదే పాట. కొట్టువాడు బాకీ తీర్చనివాడికి ఉప్పు పొట్లం కూడా ఇవ్వకుండా ఆపగలడు. రచయిత సరుకు ఒకసారి చేయి దాటితే వెనక్కి రాదు. గట్టిగా అడిగితే మరుసటి పని పోతుందని భయం, అడగకపోతే ఇల్లు గడవదు.

మూడో కష్టం మనబోటివాళ్లకు కనబడేదే కాదు. ఉర్దూ అచ్చుపనిలో చాలామంది ఇన్‌పేజ్‌లో టైపు చేస్తారు. తెలుగు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు వాడతారు. పాత ఇన్‌పేజ్ ఫైలూ, అను ఫైలూ నేరుగా యూనికోడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. దాన్ని మార్చుకోవాలి. మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. మళ్లీ మొదటినుంచి చదివి దిద్దాలి. ఆ గంటలకు ఎవరూ డబ్బు లెక్కకట్టరు.

నాలుగోది కొత్తగా వచ్చింది. ఇప్పుడు అనువాదం చేసే యంత్రాలు వచ్చాయి గదా. "మిషన్ చేసి పెట్టింది, నువ్వు ఊరికే చూసి దిద్దు, సగం రేటిస్తాం" అంటున్నారు. యంత్రం పనికిరాదని నేననను. సాదా వాక్యాలను త్వరగానే చేస్తుంది. కాని ఉర్దూలో "కల్" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. ముందువెనుకలు చూడకపోతే నిన్న జరిగిన జనాజా రేపటికి వాయిదా పడుతుంది! అట్లాంటి తప్పులు వెతికి పట్టుకోవడానికి, స్వయంగా రాయడానికి పట్టినంత సేపూ పట్టిన రోజులున్నాయట. రేటు మాత్రం సగమే.

అయిదో కష్టం మనం. అవును, ఈ సంఘమే. పోయిన ఏడాది కలెక్టరుగారికిచ్చిన అర్జీ ఎవరు రాశారు? మన సన్మానపత్రాలు, నిఖా పత్రికలు, ఈ సంచికకు ప్రూఫులు ఎవరు దిద్దారు? అతనే. షామియానావాడికి డబ్బిచ్చాం. మైకువాడికి ఇచ్చాం. బిర్యానీ వండిన బావర్చీకి ఇచ్చాం, ప్రెస్సుకు అడ్వాన్సే ఇచ్చాం. రాసినవాడికి మాత్రం "ఖిద్మత్ హై బేటా, సవాబ్ మిలేగా" అని చెప్పాం. సవాబు అల్లాహ్ ఇస్తాడు. కూలి మనం ఇవ్వవలసింది.

ఈ బాధ కొత్తది కాదు. మనం నెత్తిన పెట్టుకొనే మీర్జా గాలిబ్ పుస్తకాల అమ్మకం మీద బతకలేదు. 1857 తర్వాత ఆయన పింఛను ఆగిపోయింది, 1860లో గాని తిరిగి రాలేదు. నడుమ 1859నుంచి రాంపూర్ నవాబు పంపిన నెలకు 100 రూపాయలే ఆసరా అయ్యాయి. సాదత్ హసన్ మంటో 1948లో లాహోరు వెళ్లాక, పత్రికాఫీసులో కూర్చొని కథ రాసి అక్కడికక్కడే డబ్బు పుచ్చుకొన్న రోజులున్నాయి. తాగుడూ, అప్పులూ కలిసి ఆయన్ను తినేశాయి. 1955 జనవరి 18న, 42 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఇవాళ ఆయన కథలు లేని ఉర్దూ పుస్తకాల షాపు ఉందా?

దీనికి ఎదురు ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ వంటి పండితుడు దాన్ని నడిపించారు. జోష్ మలీహాబాదీ వంటి కవి అందులో పనిచేశారు. సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్ర గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. ఎట్లా వచ్చాయి? అనువాదకుడికి కుర్చీ, బల్ల, నెల జీతం ఇచ్చారు గనుక వచ్చాయి. దాశరథిగారు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు గనుక ఉర్దూ అక్షరం రాని తెలుగువాళ్లు కూడా గాలిబ్‌ను ప్రేమిస్తున్నారు. అది ఎంత పెద్ద పనో ఆలోచించండి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చట్టాలు సవరించి ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. ఆ చట్టం కాగితం మీదనుంచి ఆఫీసు బోర్డు మీదికి, దరఖాస్తు ఫారం మీదికి దిగాలంటే రెండు భాషలూ వచ్చిన పిల్లలు కావాలి. వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మనమేమో వాళ్లను ఖాళీగా ఉన్నారంటున్నాం.

ఇక రాసే పిల్లలకు నాలుగు మాటలు. మొదటిది, నోటిమాట మీద పని పుచ్చుకోవద్దు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది బాకీల వ్యవహారం రాసిపెట్టుకోమని చెప్పే ఆయత్. రాసే లేఖకుడికి హాని కలిగించవద్దని కూడా అందులోనే ఉంది. కాబట్టి "ఎంత పని, ఎంత రేటు, ఎప్పటికి డబ్బు" అని కాగితం అడగడం అపనమ్మకం కాదు. మన దీన్ నేర్పిన పద్ధతే.

రెండోది, చట్టం తెలుసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాడే. హక్కు ఇతరులకు పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకని, ఏ దేశానికో రాయకపోతే ఇండియాకని అర్థం. హక్కులు అమ్మిన తర్వాత కూడా "ఇది రాసింది నేను" అని చెప్పుకొనే హక్కు పోదు. ఇంకొకరి పుస్తకం అనువదించేటప్పుడు మీరూ వాళ్ల అనుమతి తీసుకోవాలి. రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది.

మూడోది, మీ పనిని చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదు చేసుకోండి. రుసుము లేదు. అట్లా ముందే నమోదైనవాళ్లకు, 2006 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ఎట్లా ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే వడ్డీ పడుతుంది, ఫిర్యాదు వినడానికి కౌన్సిల్ కూడా ఉంది. కంపెనీలు మీ డబ్బులో పన్ను కోసి ఇస్తే కంగారు పడవద్దు. అది మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. మీకు అంత పన్ను పడకపోతే, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

నాలుగోది, ఒక్కరినే నమ్ముకోవద్దు. ముగ్గురు నలుగురి దగ్గర పని పెట్టుకోండి. డబ్బు వచ్చిన నెలలో రాని నెల కోసం కొంత పక్కన పెట్టండి. కళ్లకు, మెడకు విశ్రాంతి ఇవ్వండి. మీకు సిక్ లీవు ఇచ్చేవాడు ఎవడూ లేడు.

సంఘానికి మూడు విన్నపాలు. సంఘం ఆఫీసు పగలంతా తాళం వేసి ఉంటుంది. అందులో ఒక మూల బల్ల, ఫ్యాను, నెట్టు పెట్టి, రాసేవాళ్లకూ చదువుకొనేవాళ్లకూ పది నుంచి అయిదు దాకా తెరవండి. రెండోది, వచ్చే సంచిక ఖర్చుల పట్టీలో ప్రెస్సు, కాగితం పక్కన "రాత, ప్రూఫులు" అని ఒక పద్దు రాయండి. ఎంతైనా సరే, సున్నా మాత్రం వద్దు. మూడోది, ఎవరైనా సంబంధం విచారించడానికి వస్తే నాలాగా జవాబు చెప్పవద్దు.

చివరగా ఒక్క మాట. నేను ఉర్దూ మీడియం మనిషిని. నా తెలుగు మీకు తెలుసు. ఈ ప్రసంగం రాసి ఆ కుర్రవాడికే ఇచ్చాను. తప్పులు దిద్దాడు, రెండుచోట్ల నా లెక్క కూడా సరిచేశాడు. ఎంతివ్వమంటావు అని అడిగితే, "మీ దగ్గరా సార్!" అని సిగ్గుపడ్డాడు. "ఖిద్మత్ అనకు, కాగితం రాయి" అన్నాను. చివరికి మూడు వందలకు బిల్లు రాశాడు. అక్కడికక్కడే ఇచ్చేశాను, రసీదు కూడా తీసుకొన్నాను. అది ఇప్పుడు నా జేబులో ఉంది.

ఇకమీదట నన్నెవరైనా "లడ్కా క్యా కర్తా హై" అని అడిగితే ఆ రసీదు తీసి చూపిస్తాను. "రాస్తాడండీ, అదే అతని పని" అంటాను.