రీసెంట్స్‌లో యాప్స్ తోసేస్తే ఫోన్ ఫాస్ట్ అవుతుందా?

ఈరోజు మనలో చాలామందికి ఉన్న ఒక అలవాటు గురించి మాట్లాడుకుందాం. ఖాళీ దొరికితే చాలు రీసెంట్స్ తెరవడం, యాప్స్ అన్నీ పైకి తోసేయడం, "హమ్మయ్య, ర్యామ్ ఖాళీ అయింది" అనుకోవడం. నిజానికి అక్కడ కనిపించే కార్డులన్నీ నడుస్తున్న యాప్స్ కాదు. మీరు ఈమధ్య వాడినవాటి లిస్టు, అంతే.

మీరు యాప్ నుంచి బయటికొస్తే ఆండ్రాయిడ్ దాన్ని వెంటనే చంపేయదు. మళ్లీ తెరిస్తే చటుక్కున రావాలని మెమరీలో ఉంచుతుంది. ర్యామ్ చాలనప్పుడు, అలా ఊరికే ఉన్నవాటిని ముందు తీసేస్తుంది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ సర్వీసుల వంతు. స్క్రీన్ మీదున్న యాప్ జోలికి ఆఖర్న వస్తుంది. ఇప్పుడు తోసేసిన వాట్సాప్‌ని మీరు పది నిమిషాల్లో మళ్లీ తెరుస్తారు కదా, అప్పుడు మొదట్నుంచి లోడ్ అవ్వాలి. బ్యాటరీ ఖర్చు అక్కడే.

మరి స్క్రీన్ ఆపేసినా పాట ఎలా వస్తోంది? అది ఫోర్‌గ్రౌండ్ సర్వీస్. పైన నోటిఫికేషన్ చూపిస్తూ నడవాలి. 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చాక, ఆ రూల్స్ ప్రకారం తయారైన యాప్స్ నోటిఫికేషన్ లేకుండా వెనక సర్వీసు నడిపితే, కొన్ని నిమిషాలకే సిస్టమ్ ఆపేస్తుంది.

ఇంతవరకు బాగుంది. అసలు తలనొప్పి కొన్ని ఫోన్ కంపెనీలతో. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నాన్నమ్మ ఫోన్‌లో బీపీ మాత్రకి రిమైండర్ యాప్ పెట్టా. రెండ్రోజులు మోగింది, తర్వాత సైలెంట్." తప్పు యాప్‌ది కాకపోవచ్చు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని అనిపించుకోవడానికి కొన్ని కంపెనీలు గూగుల్ రూల్స్ మీద సొంత రూల్స్ పెడతాయి. కొన్ని ఫోన్లలో స్వైప్ చేస్తే దాదాపు ఫోర్స్ స్టాప్ లెక్కే. ఫోర్స్ స్టాప్ అయితే యాప్ పెట్టుకున్న అలారాలు కూడా పోతాయి, మనం చేత్తో తెరిచేదాకా ఆ యాప్ లేవదు.

తమ్ముడూ, సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ రిమైండర్ యాప్, దాని బ్యాటరీలో "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టు. ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చెయ్. ఆండ్రాయిడ్ 12 లేదా ఆపైది అయితే "అలారమ్స్ అండ్ రిమైండర్స్" పర్మిషన్ చూడు. క్లీనర్ యాప్ ఉంటే పీకేసెయ్, దానికీ ర్యామ్ కావాలి కదా! షాపింగ్ యాప్స్‌కి మాత్రం అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వకు, వాటికెందుకు?

ఇవన్నీ చేసి, రెండు మూడు రోజులు మోగుతోందో లేదో చూడు. ఈలోగా ఫోన్‌తో వచ్చిన క్లాక్‌లో కూడా అదే టైమ్‌కి అలారం పెట్టెయ్. ఇక స్వైప్ అంటారా, యాప్ హ్యాంగ్ అయితే నిక్షేపంగా చేసుకోండి. ఉంటా మరి, బై!