పాట పాతదే, బాణీ కొత్తది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మన బడి పిల్లలు అన్నమయ్య కీర్తనను కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్‌తో వినిపించబోతున్నారు. కీర్తన చెడిపోతుందేమోనని కొందరు పెద్దలు కలత పడ్డారు. ఆ కలతలో న్యాయముంది.

అయితే ఒక్క మాట. అన్నమయ్య వేదాంతం చదువుకున్నది మన అహోబిల మఠం ఆదివన్ శఠకోప యతి దగ్గర. ఆయన రాగిరేకుల మీద రాగం పేరుంది గాని స్వరం లేదు. పాత బాణీలు చాలామటుకు పోయాయి. మన సీమవారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వందకు పైగా కీర్తనలకు మళ్లీ స్వరం కట్టారు. మనం పాతవనుకునే బాణీలెన్నో గత శతాబ్దంలో పుట్టినవే.

జాజ్‌లో పియానో, బేస్, డ్రమ్స్ కలిస్తే ఒక త్రయం. 1961లో న్యూయార్క్‌లో బిల్ ఎవాన్స్ త్రయం జనానికి తెలిసిన పాటలెన్నో ఎత్తుకుంది. ముగ్గురూ ఒకరినొకరు వింటూ అల్లుకుంటూ పోయారు. పాట రూపు మాత్రం విడవలేదు. మన కచేరీలో నెరవు చేసేదీ దాదాపు ఇదే.

పిల్లలారా, డ్రమ్ము మోత సాహిత్యాన్ని మింగకూడదు. పల్లవి ప్రతి మాటా వినబడాలి. పెద్దలారా, చివరిదాకా వినండి. ఆ తర్వాత తప్పొప్పులు నిక్కచ్చిగా చెప్పండి. బడి మనకు నేర్పింది అదే కదా!