ఒక్క వల చూచి తీర్పు చెప్పరాదు

(ఆర్యపల్లి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైన తరువాత మమ్ము శాస్త్రవిషయము నాలుగు మాటలు చెప్పమన్నారు. పంచాంగము రాబోవు ఏటి లెక్క. మేము చెప్పబోయేది మన ఒంటిలోని లెక్క.

మన కణములలో డి.ఎన్.ఏ. అను గ్రంథమున్నది. దానిలో సుమారు 300 కోట్ల అక్షరములు. అక్షరము మారకపోయినా, కొన్నింటిమీద మిథైల్ అను చిన్న గుర్తు పడుతుంది. జన్యువు ఆరంభమున ఈ గుర్తులు ఎక్కువైతే సాధారణముగా ఆ జన్యువు మౌనము వహిస్తుంది. 1944-45 చలికాలమున హాలెండులో కరువు వచ్చింది. ఆ కరువునాట కడుపున పడ్డవారిని అరవై యేండ్ల తరువాత పరీక్షించగా, ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుమీద గుర్తులు వారి తోబుట్టువులకంటె సగటున తక్కువగా కనబడినవని 2008లో ప్రకటించారు. 1866 కరువు కథలు విన్న గంజాం వారికి ఇది పరాయి మాట కాదు.

అయితే తేడా నిజమైనదని తెలిసేదెట్లా? మనిషిలో గుర్తు పడగల చోట్లు సుమారు 2 కోట్ల 80 లక్షలు. బైసల్ఫైటు కలిపితే గుర్తులేని సైటోసిన్ మారిపోతుంది, గుర్తున్నది నిలుస్తుంది. ఆపైన యంత్రముతో చదివి లెక్కిస్తారు. ఖర్చు ఎక్కువ గనుక చదివేది కొద్దిసార్లే, చూచేది కొద్దిమందినే. ఒకరికి పదింట ఏడు, మరొకరికి పదింట నాలుగు వస్తే, అది తేడాయా, కాకతాళీయమా?

ఇక్కడ మన ఊరి పెద్దలను తలచుకోండి. ఒక్క వల వట్టిదైనంత మాత్రాన సముద్రములో చేపలేదనరు. వెనుకటి అనుభవముతో ఒక అంచనా వేసుకొని, పక్క తెప్పవారిని అడిగి, వలవలకూ దానిని దిద్దుకుంటారు. థామస్ బేయిస్ మరణానంతరము 1763లో అచ్చయిన వ్యాసములోని తర్కము ఈ త్రోవదే. 2017లో ప్రకటించిన ‘అబ్బా’ అను కంప్యూటరు పద్ధతి దానినే అనుసరిస్తుంది. పేరు విని నవ్వకండి, అవి ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు! ఇరుగుపొరుగు చోట్ల గుర్తులు చాలావరకు ఒక్క తీరున ఉంటవి. కనుక అది ఒంటరి చుక్కను నమ్మక, వరుసగా కొంత మేర తేడా ఉన్నదా అని, పొరపాటుకు ఒక హద్దు పెట్టుకొని తేలుస్తుంది.

ఇది మనకెందుకు? బయటినుంచి వచ్చి స్థిరపడిన కొద్దిమందిని చూచి “వాళ్ళ రక్తమే అంత” అనేవారు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. లేని తేడాను ఉన్నదనుకుంటే వైద్యము దారి తప్పుతుంది, నింద మాత్రము మనమీద నిలుస్తుంది. ఉన్న తేడాకైనా కారణము పుట్టుకే కానక్కరలేదు. వయస్సు, తిండి, పొగత్రాగుడు కూడా ఆ గుర్తులను మార్చగలవు. కారణమేదో ఆ లెక్క చెప్పదు, మనుషులే వెదకాలి.

కనుక పరీక్షకు నెత్తురు అడిగితే వెనుదీయకండి. కాని ఎంతమందిని చూచారు, ఎంతవరకు నమ్మవచ్చునని అడగడము మరువకండి. అడగడము మన హక్కు.