బంగారు గనుల కూలి



దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గు నగరపు చుట్టుప్రక్కల బంగారు గనులు కలవు. మైలుకు మించిన లోతునకు దిగి అచటి రాతిని పగులగొట్టినవారు నల్లజాతి కూలీలు. వారికి కూలి కట్టిన లెక్క యెట్టిదో సేద్యము తెలిసిన మీరు వినదగియున్నది.

కూలివానికి స్వగ్రామమున పొలమున్నదనియు, భార్యాబిడ్డలు ఆ పంటతో జీవింతురనియు, కావున వాని యొక్కని పొట్టకు సరిపడు కూలి చాలుననియు గనుల యజమానులు వాదించిరి. వినుటకు సబబుగనే యున్నది. కాని ఆ పొలమెక్కడ? 1913వ సంవత్సరపు భూమి శాసనము నల్లవారికి దేశములోని భూమిలో నూటికి సుమారు 7 పాళ్లు మాత్రమే విడిచెను. 1936లో దానిని 13 పాళ్లకు పెంచుటకు ఒప్పుకొనిరి. జనసంఖ్యలో మూడింట రెండువంతులు వారే! పొలము లాగుకొని, పిమ్మట పొలమున్నదిగదా యని కూలి తగ్గించుట యెంతటి గడుసుదనమో చూడుడు. మన షావుకార్లలో నెవ్వరును ఇంత నేర్పుగా లెక్క వ్రాసియుండరు.

యజమానులందఱు ఒక మండలిగా నేర్పడి, పోటీపడి కూలి హెచ్చింపకుండ కట్టుబాటు చేసికొనిరి. కూలీలు ఆలుబిడ్డలను విడిచి గని యావరణములోని కొట్టములలో నుండవలసివచ్చెను. పాసుచీటి లేక తిరుగుట నేరముగా నుండెను. గడువు తీరక పని విడుచుటయు నేరమే యయ్యెను. 1924వ సంవత్సరపు శాసనము తెల్ల కార్మికుల సంఘములకు యజమానులతో బేరమాడు హక్కు నొసగెను. అందు 'ఉద్యోగి' యను పదమునకు చెప్పిన అర్థములోనే పాసు మోయు నల్లవాడు చేరకుండ జేసిరి.

అయినను 1941లో నల్ల గనికార్మికులు సంఘము కట్టిరి. 1946 ఆగష్టు 12వ తేదీని దినమునకు 10 షిల్లింగులు కోరి సమ్మెకట్టిరి; అప్పటి కనీసపు కూలి 3 షిల్లింగులకు లోపు. అఱువదివేలకు పైగా పని మానిరి. పోలీసులు లాఠీలతోను తుపాకులతోను వారిని గనులలోనికి తోలిరి. వారము తిరుగకముందే సమ్మె అణగిపోయెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే 9 మంది మరణించిరి.

అటుపిమ్మట పెద్ద కదలిక 1973లో డర్బను పట్టణమున పుట్టెను. మన తెలుగువారు 1860 మొదలు నెలకు 10 షిల్లింగుల ఒప్పందపు కూలికి ఓడ దిగిన రేవు అదియే. జనవరి 9వ తేదీని ఒక ఇటుకల కార్ఖానాలో సుమారు రెండువేలమంది పని మానిరి. మీ ప్రతినిధుల నెన్నుకొనుడని అధికారులు కోరగా, ముందునకు వచ్చినవానిని పనిలోనుండి తీసివేయుదురని యెఱిగిన కూలీలు ఎవరిని నిలుపక, గుంపుగనే బదులు చెప్పిరి. ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. వారికి వారమునకు సుమారు రెండు రాండుల హెచ్చింపు దొరకెను. మార్చి మాసాంతమునకు సమ్మెకట్టినవారు లక్షకు చేరువైరి. కొన్ని మిల్లులలో భారతీయ సంతతివారును వారితో కలిసిరి.

1979లో ప్రభుత్వము 'ఉద్యోగి' పదమునకు అర్థము మార్చి నల్లవారి సంఘములకు గుర్తింపునకు దారి యిచ్చెను. మొదట వలసకూలీలను విడిచిపెట్టబోయి, తుదకు వారినిగూడ చేర్చిరి. 1982లో గనికార్మికులు మరల సంఘము కట్టుకొనిరి.