దారం వెల, చేతి వెల
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల మహిళా సభలో ఒక పూర్వవిద్యార్థిని చేసిన ప్రసంగం)



స్త్రీల స్వయం ఉపాధిని గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. అది పెద్ద విషయం. అందులో ఒక్క చిన్న ముక్కను మాత్రమే తీసుకొంటాను. ఉదయం మన పూర్వవిద్యార్థినుల హస్తకళా ప్రదర్శన చూచి వచ్చాను. అక్కడ కొక్కెపు సూదితో అల్లిన ఒక బల్లగుడ్డ ఉన్నది. మనమందరం లేసు అనీ, క్రోషే అనీ అనే అల్లిక అది. పువ్వులన్నీ ఒకే కొలత, అంచు ఎక్కడా ముడుచుకోలేదు. పక్కన చీటీ మీద ధర 650 రూపాయలు అని వ్రాసి ఉన్నది. అల్లిన అమ్మాయి అక్కడే నిలబడి ఉన్నది. "ఈ ధర ఎట్లా కట్టావమ్మా?" అని అడిగాను. "దారానికి 520 అయింది అక్కా, పైన 130 వేసుకొన్నాను" అన్నది. "నీ చేతికి ఎంత?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేను వేళాకోళం చేస్తున్నాననుకొన్నది.

వేళాకోళం కాదు. షోలాపురంలో పుట్టి పెరిగిన మనకు ఈ లెక్క తెలియకపోవడం విచిత్రమే. మన తాతలు తెలంగాణ పల్లెలనుండి మగ్గం పనికి ఇక్కడికి వచ్చినవారు. మన తల్లులలో ఎందరో బీడీలు చుట్టి మనలను చదివించారు. మా అమ్మ చాట ఒడిలో పెట్టుకొని కూర్చుంటే, వెయ్యి బీడీలకు ఎంత మజూరీ, అందులో ఆ రోజు ఎన్ని తీసివేశారు, చేతికి ఎంత వచ్చింది అన్నది నోటిలెక్కగా చెప్పగలిగేది. ఒక్క రూపాయి తగ్గినా కారఖానా గుమ్మం ముందు నిలబడి అడిగేది. ఆ అమ్మే రాత్రి దీపం కింద అల్లిన లేసును దారం ఖరీదుకే ఇరుగుపొరుగుకు ఇచ్చివేసేది. "ఇది పనా ఏమి, తీరిక వేళ చేసినదేగా" అనేది.

ఈ 'తీరిక' అన్న మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. మన తెలుగునాట ఈ లేసుకు పుట్టిల్లు గోదావరి తీరాన నరసాపురం ప్రాంతం. పందొమ్మిదవ శతాబ్ది నడుమ క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు ఈ విద్య నేర్పారు. దారం ఇచ్చి, అల్లిన లేసు తీసుకొని, విదేశాలలో అమ్మించారు. పిదప వ్యాపారులు, వారికింద ఏజెంట్లు వచ్చారు. ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె అతుకుతుంది. పూర్తి వస్తువు ఏ ధరకు అమ్ముడుపోయిందో ఇద్దరికీ తెలియదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి, ఈ స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజులో అన్ని గంటలు అల్లుతున్నా వీరిని పనివారుగా ఎవరూ లెక్కించలేదనీ, ఇంటిపట్టున ఉండే ఇల్లాండ్రు తీరిక వేళలో చేసే పనిగా చూచినందువల్లనే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందనీ ఆమె చూపింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, అల్లిన చేతికి ధర కట్టదు.

బీడీ సంగతి చూడండి. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ఇంట కూర్చొని చుట్టే స్త్రీని సైతం అది కార్మికురాలుగానే గుర్తించింది. అంటే మా అమ్మ ఒకే ఇంట్లో, ఒకే చాప మీద, పగలు కార్మికురాలు, రాత్రి తీరిక ఉన్న ఇల్లాలు. చేతులు మాత్రం అవే.

ఇక ఆ బల్లగుడ్డ లెక్క చూద్దాము. అమ్మాయినే అడిగి వ్రాసుకొన్నాను. మొత్తం 63 పువ్వులు. ఒక్కొక్క పువ్వుకు 25 నిమిషాలు. అంటే పువ్వులకే 26 గంటల 15 నిమిషాలు. అతుకడానికి 5 గంటలు, అంచుకు 4 గంటలు, ఉతికి గంజి పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టడానికి 2 గంటలు. వెరసి 37 గంటల 15 నిమిషాలు. దారానికి 520, గంజి, రానుపోను ఖర్చులకు 85, మొత్తం 605 రూపాయలు. 650 నుండి అది తీసివేస్తే మిగిలేది 45 రూపాయలు. గంటకు రూపాయి పావలా కూడా రాలేదు.

రోజు కూలి 480 రూపాయలని లెక్క సులువు కోసం అనుకొందాము. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 60. ఆ ప్రకారం చేతి కూలి 2,235 రూపాయలు, ఖర్చులతో కలిపి 2,840. ఇందులో లాభం లేదు, నేర్పుకు విలువ కట్టలేదు. ఇది మామూలు కూలి మాత్రమే.

కొందరు దారం ఖరీదుకు మూడింతలు అడిగితే న్యాయమని అంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అడిగాను. ఈ గుడ్డకు ఆ లెక్కన 1,560 వస్తుంది; ఖర్చులు పోగా గంటకు 26 రూపాయలకు మించదు. అంతకన్న పెద్ద తప్పు ఒకటి అందులో ఉన్నది. 20వ నంబరు దారం కన్న 40వ నంబరు దారం సన్నన. సన్న దారంతో అదే కొలత గుడ్డ అల్లితే దారం తక్కువ పడుతుంది, గంటలు ఎక్కువ పడతాయి. కనుక మూడింతల లెక్కలో పని ఎంత నాణ్యంగా ఉంటే కూలి అంత తగ్గుతుంది! ధరకు మూలం దారం కారాదు, కాలం కావాలి. అల్లేటప్పుడు పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకొని, కూర్చొన్న వేళ, లేచిన వేళ వ్రాసుకోవాలి. నేర్చుకొంటున్న కాలంలో విప్పి మళ్ళీ అల్లిన గంటలను మాత్రం కొనేవారి మీద వేయరాదని నా అభిప్రాయం. చేయి తిరిగిన తరువాత పట్టే కాలమే లెక్క.

"2,840 పెట్టి ఎవరు కొంటారు?" అని మీరు అడుగుతారు. నిజమే, అందరూ కొనరు. కొనేవారి స్తోమత తక్కువైతే వస్తువును చిన్నది చేయండి. బల్లగుడ్డకు బదులు రుమాలు అంచు, రవికె చేతుల అంచు అల్లండి. గంటకు కట్టిన కూలిని మాత్రం తగ్గించకండి. ఇష్టమైనవారికి ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది కానుక. సగం ధరకు అమ్మితే అది కానుకా కాదు, బేరమూ కాదు. బజారులో యంత్రపు లేసు చవకగా దొరుకుతున్నదని మరొక మాట. దానితో మనకు పోటీ లేదు. కొక్కెపు సూది అల్లికను యథాతథంగా అల్లే యంత్రం నేటికీ పరిశ్రమలలో వాడుకలోకి రాలేదు. నిజమైన క్రోషే ఎక్కడైనా చవకగా కనిపిస్తే, ఎక్కడో ఒక చేతికి కూలి అందలేదని అర్థం.

పని ఒప్పుకొనేటప్పుడు కొలత, దారం నంబరు, రంగు, గడువు కాగితం మీద వ్రాసి సంతకం పెట్టించుకోవాలి. సగం డబ్బు ముందుగా తీసుకోవాలి. దారం మొత్తం ఒకేసారి కొనాలి. మరుసటి నెల కొంటే అదే నంబరులోనూ రంగు ఛాయ తేడాగా వస్తుంది. ఒక పువ్వు అల్లి చూపించి, సరేనన్న తరువాతనే మిగిలినవి మొదలుపెట్టాలి. ఆపైన మార్పు కోరితే ఆ గంటలకు వేరుగా ధర. బంధువులదగ్గర ఇవన్నీ మొహమాటంగానే ఉంటాయి. నాకూ ఉంటుంది.

ఈ మాటలు చెప్పే అర్హత నాకు ఒక తప్పువల్ల వచ్చింది. సుమారు పదిహేనేళ్ళ క్రితం ఒక పెళ్ళివారింటికి గుమ్మపు తెర అల్లి ఇచ్చాను. దారం ఖరీదు మీద 100 రూపాయలు తీసుకొన్నాను. అందరూ మెచ్చుకొన్నారు. ఆ మెప్పుకు పొంగిపోయి అదే ధరకు మరి నాలుగు ఇండ్లకు అల్లాను. ఇంట్లో మావారి జీతం వచ్చేది, నాకు లోటు లేదు. మా పక్క సందులో ఒక చెల్లెలు భర్త పోయిన తరువాత లేసు మీదనే ఇద్దరు పిల్లలను సాకుతుండేది. ఆమె గంటల లెక్క కట్టి న్యాయమైన ధరే అడిగేది. "ఆమె వందకే అల్లుతున్నది, నీకెందుకంత?" అని నా తెరలను చూపించి ఆమెను అడిగారట. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, నీకు ఇది కాలక్షేపం, నాకు బియ్యం" అన్నది. కొన్నాళ్ళకు సూది పక్కన పెట్టి మళ్ళీ బీడీల చాట పట్టుకొన్నది. ఆ నాలుగు ఇండ్లవారికి నేను చవకగా ఇచ్చింది నా శ్రమను మాత్రమే అనుకొన్నాను. ఆమె శ్రమను కూడా చవక చేసి ఇచ్చాను. ఆ తరువాత నేను ధర పెంచినా ఆమె తిరిగి లేసుకు రాలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. కుట్లు, అల్లికల తరగతిలో పిల్లలకు పువ్వు అల్లడం నేర్పినరోజే, ఆ పువ్వుకు ఎన్ని నిమిషాలు పట్టిందో పలక మీద వ్రాయించండి. లెక్కల పంతులుగారు దానికి కూలి కట్టించవచ్చు. తల్లిదండ్రులు కూడా అమ్మాయి అల్లినది చూచి "ఎంత బాగున్నదో" అన్న తరువాత "ఎన్ని గంటలు పట్టింది?" అని అడగండి.

భోజనాల తరువాత ప్రదర్శనశాలలో వెనుక బల్ల దగ్గర కూర్చుంటాను. ధర చీటీలు తిరిగి వ్రాసుకోదలచినవారు తమ వస్తువులతో రండి, కలిసి లెక్క కడదాము. ఆ బల్లగుడ్డను ఎవరికీ అమ్మవద్దని అమ్మాయితో చెప్పి వచ్చాను. 2,840 రూపాయలకు దానిని నేను తీసుకొంటున్నాను.