బొటనవేలి నొప్పి: గౌట్ గురించి నాలుగు మాటలు



మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. 2013 వరకు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనది ఇదేనని గొప్పగా చెప్పుకునేవాళ్లం. పగలు దాని ఈ కొస నుంచి ఆ కొసకు హాయిగా నడిచినవాడే అర్ధరాత్రి కేక పెట్టి లేస్తాడు. కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. ఇదే గౌట్. మనవాళ్లు 'ఏదో వాతం' అని ఊరుకుంటారు.

గ్లాసు నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే కొంతసేపటికి కరగక అడుగున చేరుతుంది కదా. రక్తంలో యూరిక్ యాసిడ్ అంతే. కిడ్నీలు సరిగా బయటకు పంపకపోతే సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్లలో చేరుతుంది. వంశపారంపర్యంగానూ వస్తుంది. కాబట్టి తిండిపోతు జబ్బని ఎవర్నీ ఎగతాళి చేయకండి.

ఒక్క రక్తపరీక్షతో తేల్చకూడదు. నొప్పి ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడవచ్చు; తగ్గిన రెండు వారాలకు మళ్లీ చూడాలి. కీలు నీరు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఖాయంగా తెలుస్తుంది. జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టిందేమో, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

నొప్పి వచ్చినప్పుడు విశ్రాంతి, ఐసు, డాక్టరు రాసిన మందు. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అసలు మోసం అక్కడే ఉంది! నొప్పి పోయింది గానీ స్ఫటికాలు పోలేదు. మాటిమాటికీ వస్తున్నా, గడ్డలు కట్టినా, కిడ్నీలో రాళ్లున్నా అల్లోప్యూరినాల్ లాంటి మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 మిల్లీగ్రాముల లోపుకు వచ్చేదాకా డాక్టరు పెంచుతారు. మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. అంతమాత్రాన మందు మానకండి. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు పరుగెత్తండి.

తిండి సంగతి. క్యాంటీన్ రమ్ము, బీరు, కార్జం, ఎండు మెత్తళ్లు, తియ్యటి కూల్‌డ్రింకులు తగ్గించండి. నీళ్లు బాగా తాగండి. పప్పు మానక్కర్లేదు. అయితే చాలామందికి పథ్యం ఒక్కటే సరిపోదు. బీపీకి నీటిమాత్ర వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇక నా సంగతి. నేను నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి. పదిమందికి మందులిచ్చిన చేతులివి. అయినా షేప్-1 పోతుందన్న భయంతో మూడేళ్లు దాచాను. పీటీకి ముందు నొప్పిమాత్ర మింగి, బూటు లేసు వదులుగా కట్టుకునేవాణ్ణి. రిటైరయ్యాక పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగి ఉంది. ఆ మాత్రలు కూడా కిడ్నీని దెబ్బతీశాయన్నారు డాక్టరుగారు. మా ఆవిడ ఒక్కటే మాట అడిగింది: "అందరికీ చెప్పేవారు కదా, మీకు మీరెందుకు చెప్పుకోలేదు?" జవాబు లేకపోయింది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, గాయాన్ని ఓర్చుకోవడం ధైర్యమే. జబ్బును దాచుకోవడం ధైర్యం కాదు. రేపే వెళ్లి చూపించుకోండి.

సెలవు. జై హింద్.