కబురు పైకి చేరే దారి: సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో ఎక్సెప్షన్ల చరిత్ర

ప్రోగ్రాం నడుస్తుండగా అనుకోనిది ఎదురైతే ఏం చేయాలన్న ప్రశ్నకు సీ ప్లస్ ప్లస్ ప్రమాణం జవాబు వెతికిన తీరు ఈ స్మారకోపన్యాసానికి విషయం. నా వాదన ఒక్కటే: ప్రమాదాన్ని ముందుగా చూసినవాడి చేతిలో దాని పరిష్కారం తరచుగా ఉండదు, అందుకని కబురు పైకి చేరే దారినీ, ఆ దారిలో ఎవరి బాధ్యత ఏమిటో ముందే రాసుకోవాలి. బొగ్గు బాయి ఎరిగినవాళ్లకు ఇది కొత్త మాట కాదు. పని స్థలంలో మీథేన్ 1.25 శాతం దాటితే ఆ చోటును చూసుకునే సర్దార్ అక్కడే తర్కించుకుంటూ నిలబడడు. మనుషులను వెనక్కి రప్పించి, ఫెన్సింగ్ వేసి, తన పైవాడైన ఓవర్‌మన్‌కు కబురు పంపుతాడు. 2003 జూన్‌లో 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మందిని పోగొట్టుకున్న ఈ గోదావరిఖనికి అలాంటి నియమాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

సీ భాషలో ఫైలు తెరుచుకోకపోతే ఫంక్షన్ ఒక ప్రత్యేక విలువను తిరిగి ఇస్తుంది. పిలిచినవాడు దాన్ని చూడకపోయినా ప్రోగ్రాం ముందుకే సాగుతుంది. 1960ల పీఎల్ వన్ భాష, 1975లో జాన్ గుడినఫ్ వ్యాసం, బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన సీఎల్‌యూ భాష ఈ లోటునే పట్టించుకున్నాయి. 1990లో ఆండ్రూ కోనిగ్, బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ సీ ప్లస్ ప్లస్‌లో ఎక్సెప్షన్ల కోసం, అంటే తప్పు కబురును పిలిచినవాడి దాకా పంపే ఏర్పాటు కోసం, తమ ప్రతిపాదనను ప్రచురించారు. అప్పుడు పెద్ద వివాదం ఒకటి రేగింది: తప్పు సరిదిద్దాక ఆగిన చోటు నుంచే మళ్లీ సాగాలా, లేక ఆ పనిని అక్కడితో వదిలేసి పైస్థాయికి రావాలా? జిరాక్స్‌లో మీసా భాషతో పనిచేసిన జిమ్ మిచెల్ సీ ప్లస్ ప్లస్ ప్రమాణ కమిటీ ముందు అనుభవాన్నే సాక్ష్యంగా పెట్టారు. పదేళ్లు వాడిన అయిదు లక్షల వరుసల వ్యవస్థలో, ఆగిన చోటే కొనసాగే పద్ధతి చివరికి ఒక్క చోట మిగిలింది, దాన్నీ తీసేశారు. కమిటీ రెండో దారినే ఖాయం చేసింది.

1994లో టామ్ కార్గిల్ గట్టి అభ్యంతరం లేవనెత్తారు: కబురు పైకి పోతుంది సరే, మధ్యలో సగం జరిగిన పని గతేమిటి? స్టాక్ (వస్తువులను ఒకదానిపై ఒకటి పేర్చే అమరిక) పైనున్న వస్తువును తీసేసి, దాని నకలు చేతికిచ్చే ఫంక్షన్‌నే చూడండి. నకలు తీస్తుండగా ఎక్సెప్షన్ వస్తే వస్తువు స్టాక్‌లోనూ ఉండదు, పిలిచినవాడికీ అందదు. ఈ అభ్యంతరం న్యాయమైనది. 1998 ప్రమాణంలో స్టాక్ పై వస్తువును చూడటానికి టాప్, తీసేయడానికి పాప్ వేరువేరుగా ఉన్నాయి. పాప్ ఏమీ తిరిగి ఇవ్వదు. డేవిడ్ ఏబ్రహామ్స్ ఈ బాధ్యతలను మూడు హామీలుగా విడదీశారు: వ్యవస్థ చెడకుండా ఉండటం, పని పూర్తిగా జరగడం లేదా అసలు జరగనట్టే ఉండటం, ఎక్సెప్షన్ అసలు రాకపోవడం.

ఎక్సెప్షనే ప్రమాదం తెచ్చిపెడుతుందనేవారు 1996 జూన్ 4న కూలిన ఏరియన్ 5 రాకెట్‌ను చూపిస్తారు. అందులో ఏడా భాషలో రాసిన ప్రోగ్రాం 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇమడ్చబోయి ఎక్సెప్షన్ లేవనెత్తింది. దిశను లెక్కగట్టే కంప్యూటర్, దాని జంట రెండూ ఆగిపోయాయి. అక్కడ తప్పు బయటపడకుండా పోలేదు. బయటపడ్డాక గాల్లో ఉన్న రాకెట్‌ను ఎలా నడిపించాలో పైస్థాయిలో ఎవరూ నిర్ణయించి పెట్టలేదు. సీ ప్లస్ ప్లస్ ప్రమాణం కూడా తన పొరపాట్లను దిద్దుకుంది: ఏ ఫంక్షన్ ఏ ఎక్సెప్షన్ లేవనెత్తగలదో జాబితా రాసే పాత పద్ధతిని 2017లో తొలగించింది. విద్యార్థులకు నా విన్నపం ఇదే: ఎక్సెప్షన్‌ను లేవనెత్తే త్రో, దాన్ని పట్టుకునే క్యాచ్ రాయడం ఒక పూటలో వస్తుంది, మీ ఫంక్షన్ మధ్యలో ఆగిపోతే ఏది చెక్కుచెదరకుండా ఉంటుందో ముందే తేల్చి, ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వండి. పైవాడు సరైన నిర్ణయం తీసుకోగలిగేది ఆ హామీ ఉన్నప్పుడే.